సబ్బుదొరగారి జబ్బుకోళ్లు

ఆఫీసులో అందరూ ఆయన్ని సబ్బుదొర అంటారు. హోటళ్ల వంటగదులు తనిఖీ చేయడం ఆయన ఉద్యోగం. పచ్చి మాంసం కోసిన పీట మీదే కూరగాయలు తరిగినట్టు కనిపిస్తే, ఎంతటి వంటవాడికైనా ముచ్చెమటలు పట్టిస్తాడు. ఇంట్లో కత్తి పట్టుకోమంటే మాత్రం ఆ చెమట ఆయనకే పడుతుంది.

ఆదివారం పొద్దున్నే భార్య పని పురమాయించింది.

"మధ్యాహ్నానికి మా అన్నయ్యావాళ్లు వస్తున్నారు. ఫ్రిజ్‌లో రెండు కోళ్లున్నాయి. కోయడం, వండడం మీ వంతు. ఉల్లిపాయల సంగతి నేను చూసుకుంటా."

సబ్బుదొర దిండు వదలకుండానే ఎత్తు వేశాడు.

"వండేవాణ్ణేనోయ్! కానీ నిన్న పశువుల డాక్టరు జబ్బుకోళ్ల ఫారానికి తోడు రమ్మంటే వెళ్లానా? ఆ జబ్బు మనుషులకీ అంటుతుంది. అక్కడ తిరిగొచ్చినవాడు వంటింట్లో అడుగు పెట్టకూడదు."

ఆవిడ అంటురోగాల వార్డులో హెడ్‌నర్సు. ఆ సంగతి ఆయనకి పదేళ్లుగా తెలుసు. తెలిసీ పప్పులో కాలేశాడు.

"ఎన్ని చచ్చాయి?"

"ఓ నాలుగొందలు."

"ముట్టుకున్నారా?"

కాస్త గట్టిగా చెబితే నమ్ముతుందనుకుని, "ఒకదాన్ని చంకనెత్తుకున్నాను కూడా," అన్నాడు.

అంతే! మూతికి మాస్కు, నోట్లో థర్మామీటరు, మేడమీద గదిలో పక్క. ఒంటిమీది బట్టలు మరిగే నీళ్లలోకి పోయాయి.

"పదిరోజులు. కంచం, గ్లాసు వేరు. పాప మెట్లెక్కదు."

"మరి కూర?"

"పేషెంటుకి గంజి."

అయినా సబ్బుదొర చెక్కుచెదరలేదు. గంజి ఒక్కపూటే కదా, బావగారు వచ్చాక ఎలాగో ఒక గిన్నె పైకి తెప్పించుకోవచ్చు. ధీమాగా కిటికీ దగ్గర చేరి, పక్కింటాయనకి నాలుగొందల కోళ్ల కథ చెప్పాడు. చెప్పేకొద్దీ కోళ్లు పెరిగి నాలుగువేలయ్యాయి.

రెండు గంటలు తిరక్కుండానే వీధిచివర గుడ్లకొట్టావిడ కిటికీ కింద నిలబడింది. వెనకాలే సబ్బుదొర భార్య కూడా బయటికొచ్చింది.

"బాబుగారూ, పొద్దుట్నుంచి ఒక్క గుడ్డు అమ్ముడుపోలేదు. కొన్నవాళ్లు కూడా తెచ్చి కొట్లో పెట్టేసి పోతున్నారు. అది ఏ ఫారమో చెప్పండి బాబూ. నా గుడ్లు అక్కడివి కావని నలుగురికీ చెప్పుకుంటా."

లేని ఫారానికి సబ్బుదొర పేరెక్కణ్ణుంచి తెస్తాడు? గుడ్లకొట్టావిడ మొహం చూస్తే సిగ్గుతో తల దించుకోవాలనిపించింది. మాస్కు పీకేశాడు.

"ఏ ఫారమూ లేదమ్మా! జబ్బూ లేదు! వంట తప్పించుకోవడానికి అబద్ధమాడాను!"

వీధి వీధంతా విన్నది. భార్య ఒక్కతే ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు," అంది. "నిన్న రాగానే పాపనెత్తుకుని ముద్దులాడారు. నిజంగా జబ్బుకోళ్ల దగ్గరికి వెళ్లొస్తే మీరు గుమ్మం బయటే ఆగి, సబ్బూ నీళ్లూ తెప్పించుకునేవారు. బద్ధకం సంగతెలా ఉన్నా, ఆ విషయంలో మిమ్మల్ని శంకించను. కానీ ఈ కథ వీధిదాకా వచ్చిందని ఇప్పుడే తెలిసింది. ముందు దిగండి. అందరూ చూస్తుండగా ఆవిడ దగ్గర రెండట్టల గుడ్లు కొనండి."

దిగాడు, కొన్నాడు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తన అబద్ధం తనే చెప్పుకున్నాడు. వాపసిచ్చినవాళ్లు తమ గుడ్లు తాము పట్టుకుపోయేదాకా కొట్టు దగ్గరే నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక నెమ్మదిగా అడిగాడు. "పొద్దుట్నుంచి ఘుమఘుమలాడుతోంది, కూర అయిపోయిందా?"

"అవి ఉల్లిపాయలు. కోళ్లు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. అన్నయ్యావాళ్లు గంటలో దిగుతారు."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉండనే ఉంటాడు. సబ్బుదొర కత్తి అందుకోబోయాడు. భార్య కుర్చీ వేసుక్కూర్చుంది.

"చేతులు?"

మూడొందలమంది వంటవాళ్లకి చేతులు కడుక్కోవడం నేర్పిన మనిషి, బుద్ధిగా కొళాయి దగ్గరికి నడిచి, కడుక్కుని, రెండువైపులా తిప్పి చూపించాడు.

"గోళ్ల సందులు," అందావిడ. "మళ్లీ."