క్యూ అనకూడదు

ఆ ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళాలి. తన కౌంటరు ముందు తనే నిలబడాలి. పక్కసీటు టైపిస్టమ్మను కాసేపు లోపల కూర్చోబెట్టి, తన ఇంటి ఫిర్యాదు ఆవిడకిచ్చి, చుట్టూ తిరిగి లోపలికి వచ్చి మళ్ళీ తన కుర్చీలో కూలబడాలి.

అతను పనిచేసేది నీటి సరఫరా ఆఫీసులో. అతని ఇంట్లో మాత్రం కుళాయి తిప్పితే వారం నుంచీ గాలి తప్ప ఏమీ రావడం లేదు. దీపం కిందే చీకటి. సిబ్బంది కూడా జనంతోపాటు వరుసలో నిలబడే ఫిర్యాదు ఇవ్వాలని ఆ ఆఫీసులో రూలుంది. ఎప్పుడో ఒకాయన తన మామగారింటికి దొడ్డిదారిన పైపు వేయించాక పుట్టిన రూలది. రూలు మంచిదే. కానీ పొద్దస్తమానం కౌంటరు లోపల కూర్చునేవాడు బయట ఎప్పుడు నిలబడాలో అందులో రాయలేదు.

పై వాటా నుంచి బకెట్లు మోసి మోసి భార్య ప్రాణం విసిగిపోయింది.

"నన్ను చూడగానే పై వాటావిడ 'మళ్ళీనా?' అంది. తల కొట్టేసినట్టయింది. ఈ పూట మీరు రాయించకపోతే నేనే బకెట్టు పట్టుకుని మీ ఆఫీసుకొచ్చి నిలబడతా."

"అంత పని చెయ్యకు. నలుగురిలో నా పరువు పోతుంది."

"పరువుతో గిన్నెలు తోమలేను కదండీ."

ఆఫీసు గుమ్మంలోనే ఆఫీసరు ఎదురయ్యాడు. ఏదో శిక్షణకని వెళ్ళి ముందురోజే తిరిగొచ్చాడాయన. శిక్షణ నుంచి వచ్చిన మనిషిని కొన్నాళ్ళపాటు ఎవరూ ఆపలేరు.

"ఏమయ్యా, గోడమీద 'క్యూ పాటించండి' అని ఉందే, అది పీకించు. నిలబడినందుకు మనిషి విసుక్కోడు. క్యూలో ఉన్నానని గుర్తొచ్చి విసుక్కుంటాడు. అంతా ఆ మాటలోనే ఉంది. మర్యాదగా ఉండే ఇంగ్లీషు మాట ఇంకోటి పెట్టు."

"లైన్ అందామా సార్?"

"అది కరెంటువాళ్ళు వాడేశారు. ఇంకా ఆలోచించు."

గుమాస్తాకు ఆలోచించే ఓపిక లేదు. బావమరిదికి ఫోన్ చేశాడు. అతను కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతాడు. ఇన్నేళ్ళలో బావ తనను ఒక్క మాట అర్థం అడిగిన పాపాన పోలేదేమో, ఆనందం పట్టలేకపోయాడు.

"బోలెడున్నాయి బావా! లైన్, రో, వెయిటింగ్ లైన్, ప్రొసెషన్... బళ్ళు ఆగిపోతే టెయిల్‌బ్యాక్. క్రొకడైల్ అని కూడా ఉంది."

"మొసలా?"

"అదే. బడిపిల్లలు ఇద్దరిద్దరుగా నడిచి వెళ్తే ఆ వరుసని అలా అంటారు."

"నీళ్ళ ఆఫీసులో మొసలి బోర్డు పెడితే వచ్చేవాళ్ళు కూడా రారు," అని గుమాస్తా ఫోన్ పెట్టేశాడు.

ఆఫీసరుకు మొసలి తప్ప అన్నీ నచ్చాయి. కరెంటువాళ్ళ మాట కూడా అప్పటికి నచ్చేసింది. "అన్నీ పెట్టించు. జనం దేని కింద సంతోషంగా నిలబడతారో చూసి అదే ఉంచుదాం," అన్నాడు.

అటెండరు వాటిని కాగితాల మీద రాసి, గోడకొకటి, తలుపుకొకటి, కిటికీ ఊచలకొకటి అంటించాడు. మిగిలిన 'ప్రొసెషన్'ను హాలు మధ్యనున్న స్తంభానికి అతికించి, టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఈ తతంగం ముగిసేసరికి తలుపులు తెరిచే వేళ కానే అయింది. గుమాస్తా ఉసూరుమంటూ వెళ్ళి లోపల కూర్చున్నాడు.

జనం వచ్చి హాల్లో ఆగిపోయారు. ఉన్నది ఒకటే కౌంటరు. కానీ ఇన్ని బోర్డులున్నాయంటే ఇన్ని పనులుండే ఉంటాయి కదా! ఎవరికి తోచిన మాట కింద వాళ్ళు నిలబడ్డారు. కళ్ళజోడు పెద్దాయన ఒకరు మోకాళ్ళు పట్టేసి స్తంభానికి ఆనుకున్నారు. ఆయన వెనక ఒకావిడ నిలబడింది. ఆవిడ వెనక ఇంకొకాయన చేరాడు.

"ఇది దేనికండీ?"

"తెలీదు. కానీ అస్సలు కదలట్లేదు. పెద్ద పనే అయ్యుంటుంది."

అంతే, గొర్రెదాటు మొదలైంది. కొత్త పైపులు వేసేది ఇక్కడివాళ్ళకేనని ఒకరన్నారు. కాదు, ఇవాళే నీళ్ళు వదిలేది వీళ్ళకేనని వెనకవాళ్ళు సవరించారు. గోడ దగ్గరివాళ్ళు, తలుపు దగ్గరివాళ్ళు, చివరికి కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళు కూడా స్తంభం వెనక్కి పరుగెత్తారు.

"కౌంటరు ఇదే! ఇటు రండి బాబూ!" అని గుమాస్తా గొంతు చించుకున్నాడు.

"అవునవును, మేమిటొస్తే మీవాళ్ళని అటు పెడదామనేగా!" అంది ఒక గొంతు.

అప్పుడు తట్టింది అతనికి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ కిటికీలోంచి ఎదుటి గోడ కనిపించడం అదే మొదలు. తన ఫిర్యాదు ఇవ్వడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. టైపిస్టమ్మ కోసం చూస్తే సీటు ఖాళీ. ఇంట్లో కుళాయి కారుతోందని ఆవిడ కూడా వెళ్ళి స్తంభం దగ్గర నిలబడింది.

"ఒక్క నిమిషం వచ్చి నా ఫిర్యాదు రాసుకోండమ్మా."

"నేను కదిలితే నా చోటు పోతుందండీ. కావాలంటే మీరే వచ్చి నా వెనక నిలబడండి."

గుమాస్తా కౌంటరు బయటికి వచ్చి నిలబడ్డాడు. లోపల తీసుకునేవాడు లేడు. లోపలికి వెళ్ళాడు. బయట ఇచ్చేవాడు లేడు. రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, కాళ్ళు పీక్కుపోయి, చివరికి బయటే ఉండిపోయాడు. ఇంతలో ఆఫీసరు గదిలోంచి వచ్చాడు.

"సీట్లో ఎవరూ లేరేం?"

"సీట్లో ఉండాల్సింది నేనే సార్."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

"నా కోసమే చూస్తున్నాను సార్."

ఆఫీసరు నోరు తెరిచేలోగా పై ఆఫీసు నుంచి తనిఖీకి మేడమ్ వచ్చింది. హాల్లో అడుగు పెట్టగానే నలుగురూ కేకలేశారు: "వెనక్కెళ్ళమ్మా! మేమంతా పనిలేక నిలబడ్డామా?" ఆవిడ వెళ్ళి చివర నిలబడింది. ఆవిడ ముందు ఖాళీ బకెట్టుతో ఒకామె ఉంది. ఆ బకెట్టును గుమాస్తా గుర్తుపట్టాడు.

"మీ ఇబ్బందేమిటమ్మా?" అంది మేడమ్.

"వారం నుంచీ నీళ్ళు లేవండి. మా ఆయన ఈ ఆఫీసులోనే పనిచేస్తారు."

"మరి ఆయనకు చెప్పలేదా?"

"చెప్పానండి. అదిగో, పాపం ఆయన కూడా నిలబడ్డారు."

హాలు హాలంతా తిరిగి చూసి ఘొల్లుమంది. గుమాస్తాకు ఏడుపొక్కటే తక్కువ. వారం నుంచీ దేనికి భయపడ్డాడో అది అందరి ముందూ జరిగిపోయింది.

మేడమ్ విసవిసా వరుస మొదటికి నడిచింది. అక్కడ కళ్ళజోడు పెద్దాయన, స్తంభం తప్ప ఏమీ లేవు.

"మీరు దేనికి నిలబడ్డారండీ?"

"నేను నిలబడలేదమ్మా, ఆనుకున్నాను. వెళ్ళిపోదామంటే వెనక ఇంతమంది ఉన్నారు. ఏమైనా అనుకుంటారేమోనని..."

ఆఫీసరు ముఖాన నెత్తురుచుక్క లేదు. మేడమ్ బోర్డులన్నీ చూసి, గుమాస్తా వైపు తిరిగింది.

"ఇవాళ ఎన్ని ఫిర్యాదులొచ్చాయి?"

"ఒక్కటి కూడా రాలేదండీ," అన్నాడతను. ఆ పూట అతను నోరారా చెప్పగలిగిన నిజం అదొక్కటే.

ఆవిడ ముఖం విప్పారింది. "హాలు నిండా జనం, ఒక్క ఫిర్యాదు లేదు! మిగతా ఆఫీసుల్లో నన్ను పీక్కుతింటున్నారు. ఈ పద్ధతి అన్నిచోట్లా పెట్టిస్తాను," అని ఆఫీసరు చెయ్యి పట్టుకుని ఊపింది. ఫిర్యాదులు లేవు కనుక మరమ్మతు పనివాళ్ళను ఆ పూటకు ఇళ్ళకు పంపేయమంది.

"మరి నా నీళ్ళండీ?" అంది గుమాస్తా భార్య.

"రేపు రండమ్మా," అన్నాడు ఆఫీసరు, తన చేత్తోనే కౌంటరు తలుపు మూస్తూ. "ఇవాళ్టికి ఆ సున్నా అలా ఉండనివ్వండి."

సాయంత్రం గుమాస్తా ఆకలితో నకనకలాడుతూ ఇల్లు చేరాడు. వంటింట్లో పొయ్యి వెలగలేదు. తలుపు మీద, స్తంభానికుండాల్సిన 'ప్రొసెషన్' కాగితం అతికించి ఉంది. దాన్ని భార్య ఎప్పుడు పీక్కొచ్చిందో అతనికి తెలియదు.

"భోజనం ఎప్పుడే?" అన్నాడు నీరసంగా.

"నిలబడండి," అంది లోపలినుంచి. "మీ ముందెవరూ లేరు."

ఒకే రోజులో రెండోసారి గుమాస్తా వరుసలో మొదటివాడయ్యాడు.