నీలం గేటు ఇల్లు

సోమవారం రిజిస్ట్రేషన్. శుక్రవారం పొద్దున్నే రిటైర్డు హెడ్మాస్టరు సాలమోను, వడ్రంగి మోషేని బండెక్కించుకుని అమలాపురం నుంచి కాట్రేనికోన బయలుదేరాడు. కొనబోయే ఇంటి చెక్కకి చెద పట్టిందో లేదో చూడాలి. అది తేలితేగానీ అడ్వాన్సు ఇవ్వనని ఆయన పంతం. ఇల్లు చూసి మాట ఖాయం చేసుకున్నది భార్య జయమ్మ. మోకాళ్ళ నొప్పులతో అద్దింటి మేడమెట్లు ఎక్కలేక మూడేళ్ళుగా ఏడుస్తోంది. తనని అడక్కుండా ఖాయం చేసిందని ఆయనకి ఒళ్ళుమంట.

"నేనూ వస్తానండి, ఇల్లు చూపిస్తాను" అంది జయమ్మ.

"ముప్పయ్యేళ్ళు ఊరి పిల్లలకి దారి చూపించినవాణ్ణి, నాకు నువ్వు చూపిస్తావా? చెరువు పక్క నీలం గేటు, అంతేగా!"

నీలం గేటు తోసేసరికి కనకమ్మ అనే పెద్దావిడ ఎదురొచ్చింది.

"ఇంటికి చెద ఉందేమో చూడాలండి" అన్నాడు సాలమోను.

"ఆయ్, చూడండి. ముందు కాఫీ తాగండి."

ఎవరండీ మీరు అని అడగొచ్చుగా? అడగదు! వచ్చినవాళ్ళు కాఫీ తాగి గ్లాసు కింద పెట్టకముందే వివరాలు అడిగితే మర్యాద తక్కువని ఆవిడ నమ్మకం. సాలమోనేమో కోపంలో కాఫీ ముట్టనే లేదు. దాంతో ఆవిడ అడగనూ లేదు.

మోషే గుమ్మాన్ని సుత్తితో తట్టాడు. డొల్ల. ఉలి పెడితే పిడికెడు మట్టి రాలింది.

"కిటికీలు?"

"అవీ పోయేయండి."

"దూలం?"

"దాని కింద నిలబడకండి సారూ."

సాలమోను మండిపోయాడు. "మనుషులేనా మీరు? రంగులేసి కప్పెట్టేరా? ఈ కొంపలో కుక్కయినా పడుకుంటుందా? ఇవాళో రేపో నెత్తిన కూలుతుంది! మా ఆవిణ్ణి చంపేద్దామనుకున్నారా?"

"మీ ఆవిడెవరండి?" బిక్కచచ్చిపోయి అడిగింది కనకమ్మ.

"ఈ ఇల్లు కొనాల్సినావిడ!"

"మా ఇల్లు మేం అమ్మట్లేదండి. అమ్మేది పక్కదండి. వాళ్ళ గేటుకి వెయ్యగా మిగిలిన రంగు మాకిచ్చేరు. మీరు ఇళ్ళు చూడ్డానికి పంచాయతీ నుంచి వచ్చేరనుకున్నానండి."

సాలమోను మొహం మాడిపోయింది. తప్పయిందని అంటే సరిపోయేది. "ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!" అని గసిరి బయటికొచ్చాడు. పక్కింటికి తాళం. రేపు చూద్దాంలే అని ఇంటికొచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే పక్కింటి యజమాని నాగసతీష్ ఫోన్ చేశాడు. "ఏమనుకోకండి మాస్టారూ, కనకమ్మగారు రాత్రే అడ్వాన్సు ఇచ్చేసేరండి. వాళ్ళ ఇల్లు కూలిపోతుందని ఎవరో పెద్దమనిషి కేకలేసేడంటండి. వణికిపోయేరండి పాపం. కాదనలేకపోయేను."

జయమ్మ అంతా విని మేడ దిగింది. కింది మెట్టు మీద కూర్చుండిపోయింది. "ఇక పైకి ఎక్కను. ఎత్తుకుని తీసుకెళ్తారో, ఇక్కడే అన్నం తెచ్చి పెడతారో మీ ఇష్టం."

ఆదివారం కనకమ్మ మోషేనే పిలిపించి కొత్తింట్లో చెక్కంతా తట్టించింది. చెద ఎక్కడా లేదు.