మిత్రపురుగుకు సన్మానం

పురుగులకు సన్మానం చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. మనుషుల్లో అర్హులందరికీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఇందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు.

ఎంపికైనది చీమ తలంత కందిరీగ. చిక్కుడుకు పట్టి రసం పీల్చే పేనుబంకను వెతికి, ఒక్కో పురుగు కడుపులో గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును లోపల్నుంచి తినేస్తుంది. పురుగు గోధుమరంగు డొల్లగా ఉబ్బి ఆకుకు అతుక్కుపోతే, దానికి కన్నం పెట్టుకుని కొత్త కందిరీగ ఎగిరిపోతుంది. ఇంత చాకిరీ చేసి జీతం అడగదు, సెలవు పెట్టదు. వ్యవసాయ శాఖకు ఇలాంటి ఉద్యోగి తారసపడటం ఇదే మొదలు.

ఈ ఈగలు దండిగా ఉన్నది ఓ పల్లెటూరి రైతు ఇంటి చిన్నకోడలి చిక్కుడు చేలో. ఆమె మొగుడు మహా బద్ధకస్తుడు; మందు కొట్టే పంపు పాడైతే బాగుచేయించలేదు. ఆ బద్ధకానికే శాఖ ‘ఆదర్శ సేద్యం’ అని పేరు పెట్టి, మిత్రపురుగుల దినోత్సవం అక్కడే అని ప్రకటించింది. మొగుడు గాల్లో తేలిపోయాడు. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ చేనే కనుక చిన్నకోడలి గుండెల్లో రాయి పడింది.

మంత్రిగారు రావడమంటే మాటలా? ఈగలు తేనె తాగే గట్టుమీది పూలమొక్కలు పీకి ప్లాస్టిక్ పూలకుండీలు పెట్టారు. డొల్లలున్న ఆకులు ఫోటోల్లో మచ్చల్లా కనిపిస్తాయని తుంచి తగలబెట్టారు. పుట్టబోయే ఈగలన్నీ వాటిలోనే ఉన్నాయి. ఇక మంత్రిగారి ముక్కు మీద పురుగేదైనా వాలితే ఎవరి ఉద్యోగం ఊడుతుందోనని మందు పంపులు దింపారు.

చిన్నకోడలు పరుగున వెళ్లి అధికారికి అడ్డం నిలబడింది. “అయ్యో, ఆ మందు కొడితే ఈగలు కూడా చస్తాయి కదండీ!”

“నీకెందుకమ్మా భయం? డబ్బా మీద చూడు, శత్రుపురుగుల నివారణకు అని స్పష్టంగా రాసుంది. ఇవి మిత్రపురుగులు. వీటికి వర్తించదు,” అన్నాడు అధికారి.

చేనంతా మందు కొట్టాక వచ్చిన మంత్రిగారు భూతద్దంతో ఆకును తిరగేసి మరీ చూశారు. ఏమీ కనిపించలేదు.

“చూశారా! ఒక్క పురుగు లేదు! ఇదీ మిత్రపురుగు ప్రతాపం! చివరికి తానూ కనిపించకుండా చేసే నిస్వార్థ సేవ! మనందరికీ ఆదర్శం!” అని ప్రకటించారు.

చప్పట్లు మోగాయి. మొగుడికి గుమ్మడికాయంత ఇత్తడి కందిరీగను బహూకరించారు.

పక్క కలుపులో దాక్కున్న పేనుబంక నిదానంగా తిరిగొచ్చింది. ఈసారి అడ్డుకునే నాథుడు లేడు. తీగలు జిగురు కారుతూ ముడుచుకుపోయాయి. చిన్నకోడలు ఆఫీసుకు వెళ్లి లబోదిబోమంది.

“అంత పెద్ద ఈగనిచ్చాం కదమ్మా, ఇంకా చాల్లేదా?” అని అధికారి నొచ్చుకున్నాడు.

గట్టు పక్కన నాలుగు తీగలు మాత్రం ఎలాగో బతికాయి. ఒకరోజు వాటి దగ్గర కలుపు తీస్తున్న అత్తగారు కేకేసింది. “ఒసే కోడలా! గోధుమరంగు డొల్లే! మన ఈగ తిరిగొచ్చిందే!”

చిన్నకోడలికి ఆనందంతో కళ్లు చెమర్చాయి. మరుక్షణం రోడ్డు వైపు చూసి, గబగబా వచ్చి అత్తగారి నోరు మూసింది.

“మీకు దణ్ణం పెడతా, అరవకండి అత్తయ్యా! ఎవరైనా వింటే మళ్లీ సన్మానం చేసేస్తారు.”