కవల పెయ్య తెచ్చిన తంటా

ఊరంతా పాలబాబు అని పిలిచే ఆ యువకుడు ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. పాలు పితికి, స్నానం చేసి, కాబోయే భార్యతో పెళ్లిబట్టలు కొనడానికి వెళ్లాలి. ఇంతలో మచ్చలావు ఈనింది. కోడెదూడ నేలమీద పడిందని అతను చేతులు కడుక్కునేలోపే, వెనకే పెయ్యదూడ కూడా పడింది.

తల్లి మురిసిపోయింది. తండ్రి సీసాతో ముర్రుపాలు పట్టే పనిలో పడ్డాడు. పశువుల డాక్టరమ్మ వచ్చి రెండింటినీ చూసి పెదవి విరిచింది.

"పెయ్య మీద ఆశ పెట్టుకోకండి. మగదానితో కలిసి పుట్టిన ఆడది సాధారణంగా చూలు కట్టదు. కడుపులోనే రెండింటి రక్తం కలిసిపోతుంది. పదింటిలో తొమ్మిదింటికి ఇంతే."

పాలబాబు ఉసూరుమన్నాడు. తల్లి ముఖంలో మాత్రం కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. కాబోయే కోడలు కూడా అన్నతో కలిసి ఒకే కాన్పులో పుట్టింది మరి.

ఆవిడ గబగబా లోపలికి వెళ్లి, రమ్మని తన అన్నగారికి ఫోన్ చేసింది. తర్వాత చెల్లెలికి చేసింది. "ఆ పిల్లకి పిల్లలు పుట్టరటే. డాక్టరమ్మే చెప్పింది." చెల్లెలు ఊరుకుంటుందా? పెళ్లికూతురి తల్లికి ఫోన్ చేసి, పరీక్ష చేసి మరీ తేల్చారంది. ఆవిడ కూతురిని నిలదీసింది. "మాకు చెప్పకుండా ఏ డాక్టరు దగ్గరికి వెళ్లావే?"

అరగంటలో పెళ్లికూతురూ, కరెంటు పని సగంలో వదిలేసిన ఆమె అన్నా కొట్టం ముందు దిగారు.

"బావగారూ, డాక్టరు ఏం చెప్పింది?" అన్నాడు అన్న, పళ్లు బిగబట్టి.

పాలబాబు కడుగుతున్న బకెట్టు పక్కన పెట్టాడు. "మగాడితో కలిసి పుట్టింది కదా, లాభం లేదంది. అయినా నేను అమ్మేయను. ఇన్ని నోళ్లలో అదొకటి. ఇంత గడ్డి వేసి పెంచుకుంటాను."

"నాకు గడ్డి వేస్తారా?" అంది పెళ్లికూతురు నెమ్మదిగా.

సంగతి అర్థమయ్యేసరికి పాలబాబుకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. డాక్టరమ్మ నచ్చజెప్పింది. "అది పశువుల సంగతమ్మా. మనుషులకు వర్తించదు."

"ఓదార్పుకి అలాగే అంటారు," అంది పాలబాబు తల్లి. "పెళ్లి కొన్నాళ్లు ఆపుదాం."

అప్పుడే ఆవిడ అన్నగారు రొప్పుతూ దిగాడు. అంతా విని బుర్ర గోక్కున్నాడు.

"చెల్లెమ్మా, నీకు ముగ్గురు పిల్లలు కదా?"

"అయితే?"

"మరి మనిద్దరం ఎలా పుట్టాం?"

ఆవిడ కళ్లతో ఎంత సైగ చేసినా ఆయన ఆగలేదు. "మంచి సంబంధం చేయి జారిపోతుందని ఆ రోజు నీ వయసు నాలుగేళ్లు తగ్గించి చెప్పాం. దానికోసం ఇప్పుడు ఈ పిల్ల పెళ్లి ఆపమంటావా? నువ్వు నాకంటే పావుగంట చిన్న, అంతే."

తల్లి కొంగుతో ముఖం తుడుచుకుని, పెళ్లికూతురి చేయి పట్టుకుంది. "తప్పయిపోయింది తల్లీ. బయల్దేరండి, కొట్లు తెరిచే వేళయింది."

పెళ్లికూతురు పెయ్య నుదురు నిమిరింది. "దీన్ని పెంచుకుంటానన్నారు. మాట తప్పకండి," అంది పాలబాబుతో. అతను ఆ మాటకు తల ఎంత వేగంగా ఊపాడో చూసి ఆమె అన్నకు నవ్వొచ్చింది.

తండ్రి మాత్రం వేళ్లు మడిచి లెక్క చూసుకుంటున్నాడు.

"అంటే నువ్వు నాకంటే రెండేళ్లు పెద్దన్నమాట," అన్నాడు చివరికి. "పెద్దవాణ్ణి కదా అని ముప్పై ఏళ్లుగా ప్రతి గొడవలోనూ నేనే సర్దుకుపోతున్నాను."