క్షమాపణ చెప్పిన సింహాద్రి

పాత విద్యార్థులెవరో ప్రిన్సిపాల్ పొట్నూరు సింహాద్రి ముఖమూ గొంతూ పెట్టి తయారుచేసిన వీడియో ఆయన కంటే ముందే క్షమాపణ చెప్పేసింది కాబట్టి, ఇద్దరిలో అసలు మనిషెవరో తేల్చుకోవడానికి ఆయన విజయనగరంలోని ముఖనిర్ధారణ కార్యాలయానికి వెళ్లాడు. అక్కడికి అలాంటివాళ్లు రోజూ వస్తారు. ఆధార్ జిరాక్సు, ఫొటో ఇస్తే బల్ల చూపించి కూర్చోమంటారు.

ఆ క్షమాపణ లైబ్రేరియన్ బొడ్డేపల్లి సువర్ణకు. నిరుడు పరీక్ష పేపరు బయటికి పొక్కినప్పుడు, పిల్లలందరి ముందూ మైకులో ఆమెను దొంగ అన్నాడు సింహాద్రి. ఉద్యోగం తీసేశాడు. పేపరు పోయింది ప్రెస్సు నుంచని నెల తిరక్కుండానే ఆయనకు తెలిసింది. ఆ సంగతి మాత్రం మైకులో చెప్పలేదు. వీడియో చెప్పింది.

"అది నేనన్నది కాదమ్మా," అన్నాడు గుమాస్తాతో. "క్షమించమనే మాట నా నోట ఎప్పుడూ రాలేదు."

గుమాస్తా కంప్యూటరు వైపు చూసి చెప్పింది. "రానక్కర్లేదండి. మీ ఉపన్యాసాలన్నీ ఒక యంత్రానికి వినిపించేరు. అది మీలాగ మాటాడబోయింది. రెండో యంత్రం 'ఇది దొంగది' అని పట్టేసింది. పట్టుకున్నప్పుడల్లా మొదటిది దిద్దుకుంది. ఆఖరికి రెండోదానికి తేడా తెలీలేదు. 'శిక్ష'లోంచి 'క్ష' తీసుకుంది. 'హద్దు మించితే' అని మీరు రోజూ అంటారు కదండీ, మిగతాది అందులోంచి."

"మరి అందులో నేను తల దించుకున్నానే?"

"అది వాచీ చూసుకున్నప్పటిదండి."

అభ్యంతరం తీసుకునే ముందు అవతలి మనిషిని పిలవాలని నిబంధన. సువర్ణ వచ్చింది. ఆయన్ని చూడగానే రెండు చేతులూ జోడించింది.

"మీరామాట అన్నాక మా ఆడపడుచు మళ్లీ మా గడప తొక్కిందండి. మా పాప ఆ వీడియో ఫోన్లో దాచుకుంది. ఎవరేనా ఏటన్నా అంటే తీసి చూపిస్తాది."

సింహాద్రికి చెవులు వేడెక్కాయి. చేతిలోని అర్జీ మడిచి జేబులో కుక్కుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"సువర్ణా, తప్పు నాదమ్మా. నన్ను క్షమించు."

కౌంటరు కిటికీ మీద గొంతు పోల్చే యంత్రానికి ఎర్రదీపం వెలిగింది. గుమాస్తా 'నకిలీ' అని రాసుకుంది.

"గొంతు వణికిందండి. మీ పాత రికార్డుల్లో వణుకన్నది ఎక్కడా లేదు."

సువర్ణ ఆయన వైపు జాలిగా చూసింది. "పర్లేదులెండి. అసలాయన ముందే చెప్పేసేరు."

సోమవారం కాలేజీలో ప్రార్థన అయ్యాక తెరమీది సింహాద్రి మాట్లాడాడు. నకిలీలుగా నమోదైనవాళ్లు వెనక గోడవారన నిలబడాలి. ఆయన వెళ్లేసరికి కరస్పాండెంటు, వార్డు కౌన్సిలరు, ఇద్దరు మాస్టార్లు అప్పటికే అక్కడున్నారు. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే కాస్త జరిగి చోటిచ్చారు.

తెరమీది మనిషి ఈసారి ప్యూను అప్పన్నను క్షమించమని అడిగాడు. అప్పన్నకు తాను చేసిందేమిటో సింహాద్రికి అప్పుడుగానీ గుర్తు రాలేదు. అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.