ముద్రకు చేపలు

ఆ సోమవారం పొద్దున ఊరిపెద్ద రుష్తూ అనుకున్న పనులు రెండే. టీ తాగాలి, హోటలు యజమాని జెవ్‌దెత్ కాగితం మీద ఊరి ముద్ర కొట్టాలి. రాతిగుహ దగ్గర పడవల రేవు కట్టుకోవడానికి ఊరికి అభ్యంతరం లేదని ఆ కాగితం సారాంశం. శుక్రవారంలోగా అది ఇజ్మీర్ నగరంలోని ఆఫీసుకు చేరకపోతే ఇక అనుమతి రాదు.

ఇంతలో ఇంగ్లండ్ నుంచి మెయిలు వచ్చింది. రిటైరైన పెరిహాన్ టీచరు కళ్లజోడు సర్దుకుని టర్కిష్‌లోకి మార్చి చదివింది. "మీ ఊళ్లో అరుదైన ముద్ర ఉందని విన్నాం. అలాంటివి లోకంలో కొన్ని వందలే మిగిలాయి. శనివారం మేమొచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు."

"సీల్ అంటే ముద్రేనా, టీచర్ గారూ?"

"నిన్ను ఇంగ్లీషులో మూడుసార్లు ఫెయిల్ చేసింది నేనేరా. నన్నే అడుగుతావా?"

రుష్తూ నాలుక కరుచుకున్నాడు. నిన్ననే ఆ ఇత్తడి ముద్రతో అక్రోట్లు పగలగొట్టాడు.

మంగళవారం జెవ్‌దెత్ వచ్చాడు. "ఒక్క దెబ్బ కొట్టన్నా, పోతాను."

"కుదరదు తమ్ముడూ. ఇంగ్లండ్ వాళ్లు ముట్టుకోవద్దన్నారు."

"ఊరికి పెద్ద నువ్వా, వాళ్లా?"

ముద్రను మఖ్మలు గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టి తాళం వేశామని టీచరు జవాబు రాసింది. గంటలో తిరుగు మెయిలు వచ్చింది. "ఎంత ఘోరం! వెంటనే సముద్రపు నీళ్లలో వదలండి! చేపలు పెట్టండి!"

"ముద్రకు చేపలేంటి, టీచర్ గారూ?"

"ఎవరి పద్ధతి వాళ్లది. పెట్టు."

రుష్తూ ముద్రను సముద్రపు నీళ్ల బకెట్టులో వేసి చేపలు పెట్టాడు. శుక్రవారం సాయంత్రం దాకా జెవ్‌దెత్ బకెట్టు చుట్టూ తిరిగి, తిట్టి, వెళ్లిపోయాడు.

శనివారం వచ్చిన ఇంగ్లీషావిడ బకెట్టులో ఇత్తడి ముద్రనూ మూడు సార్డీన్లనూ చూసి తల పట్టుకుంది. ఫోనులో ఉన్న ఒక ఫొటో చూపించింది. మీసాలున్న నీటి జంతువు.

"ఇది ఫోక్ కదా!" అన్నాడు రుష్తూ. టర్కిష్‌లో ఫోక్ అనే జంతువునీ ఇంగ్లీషులో సీల్ అనే అంటారట.

అందరూ పడవలో గుహకు వెళ్లారు. లోపల గులకరాళ్ల మీద తల్లి పడుకుని ఉంది, పక్కనే నల్లటి పిల్ల పాలు తాగుతోంది. రేవు పని మొదలై ఉంటే తల్లి పిల్లను వదిలేసి పోయేదని ఆవిడ చెప్పింది. రుష్తూ టోపీ తీసి చాలాసేపు చూశాడు. కళ్లు చెమర్చాయి.

"తప్పు నాదేరా," అంది టీచరు నెమ్మదిగా.

రుష్తూ పెద్దలకు చేసే మర్యాదగా ఆమె చేతిని ముద్దాడి నుదుటికి ఆనించుకున్నాడు. "మీకు ఇంగ్లీషు బాగా వచ్చి ఉంటే ఈ తల్లీబిడ్డా మనకు దక్కేవాళ్లా, టీచర్ గారూ!"

అది పొగడ్తేనా అని పెరిహాన్ టీచరు ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంది.