యాభై ఏడేళ్ల గోల్‌కీపర్

ఆ రోజు ముత్యాలుగారు పెట్టుకున్న పనులు చాలా తక్కువ. పదకొండింటికల్లా ఒక కాగితం పంపించేసి, పన్నెండింటికి ఇల్లు చేరి, చాన్నాళ్లకి వస్తున్న అక్కయ్యతో కలిసి భోంచేసి, ఒక కునుకు తీయాలి. జాతీయ ఫుట్‌బాల్ సంఘంలో ముప్ఫై ఏళ్లుగా గుమాస్తాగిరీ చేస్తున్న మనిషికి ఆమాత్రం కునుకు మీద హక్కు లేదంటే ఎవరూ ఒప్పుకోరు. ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. అక్షరాలు ముత్యాలు పేర్చినట్టు రాస్తారని ఎప్పుడో ఎవరో ముత్యాలుగారూ అని పిలిచారు, అదే ఖాయమైపోయింది.

పంపవలసిన కాగితం గోల్‌కీపర్‌ది. ఎల్లుండే పెద్ద మ్యాచ్. ఎప్పుడూ ఆడే గోల్‌కీపర్ పోయిన వారం మణికట్టు విరగ్గొట్టుకుని కూర్చున్నాడు. అతని బదులు ఆడవలసినవాణ్ణి అందరూ నిచ్చెన అంటారు. మనిషి అంత పొడుగు. వేరే దేశంలో పుట్టాడు. ఏడేళ్ల కిందట ఇక్కడికి గోడౌనులో పనికొచ్చి, సాయంత్రాలు ఆడుతూ ఆడుతూ పైకొచ్చి, పోయిన నెలే ఈ దేశ పౌరసత్వం తీసుకున్నాడు. అతను ఆడడానికి అర్హుడేనని చూపించే ఫారం సాయంత్రం అయిదులోగా అంతర్జాతీయ సమాఖ్యకి చేరాలి. చేరకపోతే ఎల్లుండి గోలు ముందు నిలబడడానికి మనిషే లేడు.

ఈ విషయంలో ముత్యాలుగారికి ఒక అభిప్రాయం ఉంది. ఎవరూ అడక్కపోయినా చెబుతూ ఉంటారు. "పదకొండు మందిలో ఏడుగురు ఎక్కడెక్కడో పుట్టినవాళ్లే. మనింటికి కాపలా కాయడానికి పక్కింటివాణ్ణి పిలవడమేమిటండీ? మన పిల్లలకి కాళ్లూ చేతులూ లేవా? పుట్టిన గడ్డ మీద ఉండే మమకారం కాగితం మీద సంతకం పెడితే వస్తుందా?"

అభిప్రాయం సంగతి ఎలా ఉన్నా పనిలో మాత్రం ఆయన నిక్కచ్చి. బయటినుంచి వచ్చినవాళ్లు ఫారం నింపడానికి తంటాలు పడుతున్నారని ఒక నమూనా తయారుచేసి పెట్టారు. అదేదో చుక్కలూ గీతలూ పెట్టిన నమూనా కాదు. తన పేరు, తన పుట్టినతేదీ, పుట్టిన ఊరు రాసి, తన ఫొటో అంటించి, సంతకం చేసి, ఆఫీసు ముద్ర కూడా కొట్టిన నమూనా. ఆడే స్థానం అన్నచోట గోల్‌కీపర్ అని రాశారు, పరుగెత్తే పని తక్కువని.

నిచ్చెన ఆ నమూనా పక్కన పెట్టుకుని, కుర్చీలో మూడు మడతలై కూర్చుని, ముప్పావుగంట రాశాడు. రెండు కాగితాలూ కలిపి తెచ్చి ఇచ్చాడు.

"బాబాయ్‌గారూ, ఒక్కసారి చూడండి. తప్పులుంటే మళ్లీ రాస్తాను."

"చూస్తాలే, నువ్వెళ్లు."

కళ్లజోడు నుదుటి మీదే ఉంది. దించుకోవడానికి ఆయనకి బద్ధకం వేసింది. ఒక కాగితం మీద కోడి కెలికినట్టున్న రాత, రెండోదాని మీద కళ్లకద్దుకోవాలనిపించే రాత. అంత అందమైన కాగితం తప్పు కాగితమై ఉంటుందని ఆయనకి తోచలేదు. కోడిరాతని నమూనాల సొరుగులో పడేసి, ముత్యాల రాతని యంత్రంలో పెట్టి సమాఖ్యకి పంపేసి, సంచీ సర్దుకున్నారు.

సరిగ్గా పన్నెండుకి పది నిమిషాలప్పుడు ఇంటినుంచి ఫోను.

"ఏమండీ, ఎల్లుండి మీరు ఆడుతున్నారటగా?" అంది భార్య.

"ఏం ఆడడం?"

"ఫుట్‌బాలు. పక్కింటావిడ చూపించింది. సమాఖ్యవాళ్ల జాబితాట. మీ ఫొటో, కింద గోల్‌కీపర్ అని. నెలరోజులుగా మోకాలు నొప్పి అని బజారుకి కూడా రావడం లేదు. నాకొక్క ముక్క చెప్తే నేనేం వద్దంటానా?"

ముత్యాలుగారు ఫోను పెట్టేశారు. సొరుగు లాగి చూశారు. నిచ్చెన ఫారం అందులో బుద్ధిగా పడుకుని ఉంది.

కార్యదర్శిగారు మంచి మనిషి, గొంతు పెంచరు. ఆవిడ గొంతు తగ్గిస్తేనే అందరికీ భయం. "ముత్యాలుగారూ, ఇలా రండి" అన్నారు, వినపడీ వినపడకుండా. ఆయన ఎదురుగానే సమాఖ్య అధికారికి ఫోను చేసి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టారు.

"పొరపాటున వెళ్లిందండీ. ఆయన ఆటగాడు కాదు, మా గుమాస్తా."

"గుమాస్తాలు ఆడకూడదని మా నిబంధనల్లో లేదు" అన్నాడు అధికారి, ఎంతో మర్యాదగా.

"ఆయనకి యాభై ఏడేళ్లు!"

"చూశాం. వయసుకి పరిమితి కూడా లేదు. అభినందనలు. జాబితాకెక్కిన గోల్‌కీపర్‌ని మార్చాలంటే రెండే దారులండి. ఒకటి, ఆడలేనని డాక్టరు సర్టిఫికెట్. రెండు, ఈ దేశ పౌరుడు కాదు, అసలు అర్హతే లేదని రుజువు. ఏదైనా అయిదులోపు."

"ఓస్, అంతేనా" అనుకున్నారు ముత్యాలుగారు. మోకాలు నొప్పి ఉండనే ఉంది. కుంటుతూ జట్టు డాక్టరు గదికి వెళ్లారు. ఇరవై ఏళ్లలో ఒక్క అబద్ధపు సర్టిఫికెట్ ఇవ్వలేదని ఆ డాక్టరుకి పేరు. ఆయన ముత్యాలుగారిని వంగమన్నాడు, లేవమన్నాడు, గంతులేయమన్నాడు, గుండె విన్నాడు, రక్తపోటు చూశాడు.

"నా రక్తపోటు కన్నా మీదే బాగుందండీ. మోకాలికి రోగమేం లేదు, నడక చాలడం లేదు. ఆడొచ్చు."

"ఆడొచ్చంటే ఏమిటి డాక్టరుగారూ!"

"ఆడించడం మంచిదని నేననలేదు. ఆడొచ్చన్నాను."

కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టయింది. మళ్లీ మామూలుగా నడుచుకుంటూ బయటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర కోచ్ టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నడుము కొలత తీసుకుని, "ఎందుకైనా మంచిదని" అని వెళ్లిపోయాడు.

అప్పటికి రెండున్నర దాటింది. భోజనం లేదు, కునుకు సరేసరి. కార్యదర్శిగారు ఆయన్ని కూర్చోబెట్టి మెల్లగా అడిగారు. "ఇక రెండో దారే. మీకు అర్హత లేదని చూపించే కాగితం ఏదైనా ఉందా?"

ముత్యాలుగారు గాయపడ్డారు. "మేడమ్! నేను ఈ గడ్డ మీద పుట్టినవాణ్ణి. ఇంకేమైనా అనండి, ఆ మాట మాత్రం అనకండి. కావాలంటే మా అక్కయ్యనడగండి." అప్పటికప్పుడు ఇంటికి ఫోను చేశారు. "అక్కా, నేనెక్కడ పుట్టానో మా మేడమ్‌గారికి చెప్పు."

 అక్కయ్య, "అన్నం తిన్నావురా?" అంది. "తినలేదా? ఉండు, నేనే వస్తున్నా."

ఇల్లు మారుతూ సర్దిన పాత కాగితాలు తమ్ముడికి ఇచ్చిపోదామనే ఆవిడ ఆ రోజు బయల్దేరింది. గంటలో ఆఫీసుకి వచ్చి, ఆయన్ని వరండాలోకి తీసుకెళ్లి, సంచీలోంచి మడతలు పడ్డ ఒక పత్రం తీసి చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు దించుకుని చదివారు. సరిహద్దు దాటి వచ్చిన కుటుంబానికి ఈ దేశ పౌరసత్వం ఇస్తున్నట్టు రాసి ఉంది. నాన్న పేరుంది, అమ్మ పేరుంది, అక్కయ్య పేరుంది.

"నా పేరేదీ?"

"నువ్వక్కడే పుట్టావురా. మేమందరం అక్కడివాళ్లమే, తాతయ్యతో సహా. నిన్ను రెండు నెలల పిల్లాడిగా దుప్పట్లో చుట్టుకుని తెచ్చారు. ఆఫీసరు వచ్చి తలలు లెక్కపెట్టినప్పుడు నువ్వు మూలగదిలో నిద్రపోతున్నావు. లేపితే ఏడుస్తావని అమ్మ లేపలేదు. తర్వాత బళ్లో వేసినప్పుడు పంతులుగారే పుట్టిన ఊరు ఇదని రాసేసుకున్నారు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఎట్లా చెప్పమంటావు? బళ్లో బయటివాళ్ల పిల్లలు కనిపిస్తే అందరికన్నా నువ్వే గట్టిగా వెక్కిరించేవాడివి. చెబితే తట్టుకోలేడు, చెప్పకే అంది అమ్మ." ఆవిడ పత్రం మళ్లీ మడతపెట్టింది. "లోపల చూపిస్తావో, సంచీలో పెట్టేయమంటావో నీ ఇష్టం. నేను నోరెత్తను."

 ఈ కాగితం చూపిస్తే ఏమవుతుందో ముత్యాలుగారికి తెలియనిది కాదు. ముప్ఫై ఏళ్లుగా ఇలాంటి కాగితాలు చూసి మనుషుల్ని అటో ఇటో తేల్చింది ఆయనే. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చెప్పలేం. ఊళ్లో తలెత్తుకోవడం సంగతి చెప్పనే అక్కర్లేదు. సంచీలో పెట్టేస్తే పీడా పోతుంది. ఒక మ్యాచ్ ఓడిపోతే కొంపలేం మునగవు.

వరండా చివర బెంచీ మీద నిచ్చెన కూర్చుని ఉన్నాడు. పొద్దుటినుంచీ అక్కడే ఉన్నట్టుంది. ఆయన్ని చూసి లేచాడు.

"బాబాయ్‌గారూ, నా రాత బాగోకే ఇంత గొడవయింది. తప్పు నాది. మీరు అన్నం కూడా తినలేదట. నేనేమైనా తెచ్చిపెట్టనా?"

ముత్యాలుగారికి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఒళ్లంతా చచ్చినట్టయ్యే సిగ్గు. అతని చెయ్యి పట్టుకుని మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టారు. తర్వాత అక్కయ్య చేతిలోంచి పత్రం తీసుకుని లోపలికి నడిచారు.

కార్యదర్శిగారు పత్రం రెండుసార్లు చదివారు. "ఇది పంపితే మీరు ఈ దేశం వారు కాదని మీరే రాసిచ్చినట్టండీ. ఆ తర్వాత ఏమవుతుందో నేను మాటివ్వలేను."

"మీరు పంపొద్దు మేడమ్. నేనే పంపుతా. నా పనేగా" అన్నారాయన. ఈసారి నిచ్చెన ఫారం, ఆ పత్రం పక్కపక్కన పెట్టుకుని, మూడుసార్లు చదివి, పేరూ ఫొటో వేలితో తడిమి చూసి పంపారు.

అయిదుకి ఏడు నిమిషాలుందనగా సమాఖ్యనుంచి జవాబొచ్చింది. పాత గోల్‌కీపర్ అనర్హుడని తేలినందువల్ల అతని స్థానంలో కొత్త గోల్‌కీపర్‌ని చేర్చుకున్నారు. అనర్హుడు ఈ దేశంలో యాభై ఏడేళ్లుగా ఉంటున్నాడు కనక, పౌరసత్వం వచ్చిన మర్నాడే మళ్లీ జట్టుకి దరఖాస్తు చేసుకోవచ్చని ప్రోత్సహిస్తూ కింద ఒక వాక్యం కూడా రాశారు. కోచ్ అది చదివి, కొలత కాగితం పారేయకుండా జేబులో పెట్టుకున్నాడు. అక్కయ్య తెచ్చిన అన్నం ముత్యాలుగారూ నిచ్చెనా చెరిసగం తిన్నారు.

మ్యాచ్‌కి ముత్యాలుగారు అక్కయ్యతోనూ భార్యతోనూ వెళ్లి కూర్చున్నారు. నిచ్చెన ఆ రోజు పడ్డాడు, లేచాడు, గాల్లోకి ఎగిరాడు, ఒక్క బంతినీ లోపలికి పోనివ్వలేదు. చివర్లో అడ్డంగా దూకి మూలకి వెళ్తున్న బంతిని వేళ్లతో తోసేసినప్పుడు ముత్యాలుగారు మోకాలు మాట మరిచిపోయి కుర్చీ ఎక్కి అరిచారు. పక్క సీటాయన మాత్రం పెదవి విరిచాడు.

"ఏం లాభమండీ? వీళ్లలో సగం మంది బయటివాళ్లే. పుట్టిన గడ్డ మీద ఉండే మమకారం వీళ్లకెక్కణ్ణుంచి వస్తుంది? మీరు ఇక్కడివారేగా, మీరే చెప్పండి."

ముత్యాలుగారు కుర్చీ దిగి, చొక్కా సర్దుకుని కూర్చున్నారు.

"దరఖాస్తు పెట్టానండీ" అన్నారు.